మ్యూరియల్ మణికట్టు

మ్యూరియల్ టాప్‌స్కాట్ అప్పటికి మూడోసారి ఓవెన్ తలుపు తీసి చూసింది. లోపల స్కోన్లు, టీతో తినే గుండ్రటి చిన్న రొట్టెలు, పొంగుతున్నాయి గానీ, అన్నీ ఒకే పక్కకి ఒరుగుతున్నాయి.

ఇంగ్లండ్‌లో డెవన్ జిల్లాలోని ఆ చిన్న ఊరి టీ గదిలో నలభై ఏళ్లుగా పిండి పని ఆమెదే. ఇప్పటి యజమానురాలు గ్వెన్ ఆ వంటింటి బల్ల కింద ఆడుకుంటూ పెరిగింది. స్కోన్ల పిండిని ఎక్కువ పిసకకూడదనీ, గుండ్రటి కట్టర్‌ని నిటారుగా దింపి నిటారుగానే లాగాలనీ, తిప్పితే అంచు నలిగి ఆ పక్క పొంగదనీ గ్వెన్‌కి నేర్పింది మ్యూరియలే. ఇప్పుడు తనే తిప్పుతోంది. చలికాలం నుంచి కుడి మణికట్టు పట్టేసింది. కట్టర్ మీద బరువు వేస్తే ప్రాణం పోతోంది. కాస్త మెలితిప్పితేనే పిండి తెగుతోంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని చేతిలోంచి పోతుంది. వడ్డనకి మారి, బయట టీ కూజాలు పట్టుకుని అందరికీ నవ్వు మొహం చూపించడం ఆమెకి చేతకాదు. ఇంట్లో కూర్చోవడం అంతకన్నా చేతకాదు, ఆదివారాలే గడవవు. ఇన్నాళ్లూ ఒరిగినవాటిని పళ్లెం అడుగున సర్ది పంపింది. ఇవాళ మూడున్నరకి బస్సులో ముప్పై మంది దిగుతారు. మూడంతస్తుల స్టాండ్లు పెట్టాలి. కింద శాండ్‌విచ్‌లు, పైన కేకులు, నడిమి అంతస్తులో అందరి కళ్ల ముందూ స్కోన్లు.

చేతులు కడుక్కుంది. గడియారం చూసింది. కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంది. రెండో విడత పిండి బల్ల మీద పరిచి ఉంది. కట్టర్ అందుకుని, వదిలేసి, సొరుగులోంచి పొడుగాటి కత్తి తీసింది. కత్తినైతే ఎడమచేత్తో నొక్కొచ్చు. చకచకా చదరాలుగా కోసి ఓవెన్‌లోకి తోసింది.

గ్వెన్ వచ్చేసరికి అవి చల్లారుతున్నాయి. ఒకటి తీసి అటూ ఇటూ చూసింది.

"ఇదేంటి ఆంటీ, ఇటుకలు కాల్చావా?"

కట్టర్ కనబడలేదని చెప్పబోయింది మ్యూరియల్. అది ఎదురుగా బల్ల మీదే ఉంది.

"నా మణికట్టు పోయింది గ్వెన్. చలికాలం నుంచి తిప్పే కోస్తున్నాను."

 గ్వెన్ స్కోన్‌ని నడిమికి విరిచి, డెవన్ పద్ధతిలో ముందు మీగడ, దాని మీద జామ్ పెట్టి కొరికింది. మ్యూరియల్ నిలబడలేక సింకు దాకా వెళ్లి వచ్చింది.

ఒరిగినవి తను ఎప్పుడో చూశానంది గ్వెన్. ఓవెన్ పాడైందనుకుని మెకానిక్‌ని రెండుసార్లు పిలిపించిందట. మ్యూరియల్ తల దించుకుంది.

"వేసవి అయ్యేదాకా చదరాలుగానే కొయ్యి. తరవాత సంగతి తరవాత చూద్దాం. సోమవారం మాత్రం డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను, సాకులు చెప్పకు."

బస్సు వచ్చింది. స్టాండ్లు బయటికి వెళ్లాయి. మ్యూరియల్ తలుపు సందులోంచి తొంగి చూసింది. కిటికీ దగ్గరి ముసలాయన చదరపు స్కోన్ మీద ముందు జామ్ రాసి, ఆపైన మీగడ పెట్టుకుంటున్నాడు. జామ్ ముందు రాసే పక్క జిల్లా కార్న్‌వాల్ మనిషై ఉంటాడు, వాడికేం తెలుస్తుందని గొణుక్కుంది. అయినా అతను రెండోది తీసుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

వేసవి అయిపోవడానికి ఇంకా పన్నెండు వారాలు. వేళ్ల మీద లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టి, మూడో విడతకి పిండి జల్లించడం మొదలుపెట్టింది.