యాదగిరి అన్నకు మందమైన గీత

సీతాఫల్‌మండిలో యాదగిరి అన్నకు ఎలక్ట్రికల్ షాపు ఉంది. షాపులో సరుకు చూసుకోవడానికి ఆయన కంప్యూటర్‌లో నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. అందులో బొమ్మలుండవు, మౌస్‌తో పనుండదు. నల్లటి తెర మీద అక్షరాలూ గళ్ళూ, అంతే. మనం ఏ గడిలో టైపు చేస్తుంటే దాని చుట్టూ ఉన్న గీత వెలుగుతుంది.

మొదట సన్న గీత పెట్టాను. కనపడట్లేదంటే నిరుడు జంట గీత చేశాను. మొన్న దీపావళి ముందు దాన్నీ లావు చేశాను. ప్రతిసారీ ఆయన "గీ మానిటర్ ఖరాబైంది తమ్మీ" అనేవాడు. నేనూ ఔననేవాణ్ణి.

ఈ రోజు మళ్ళీ పిలిస్తే వెళ్ళాను. ఉన్న గీతలన్నిట్లోకీ మందమైనది పెట్టి, నిమ్మపండు రంగు వేశాను. నా కళ్ళే జిగేల్‌మన్నాయి. యాదగిరి అన్న కుర్చీ ముందుకు జరుపుకుని, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"ఇంకెంతసేపు తమ్మీ? జెర జల్దీ పెట్టు, గిరాకీ వచ్చే టైమైంది" అన్నాడు.

గీత అప్పటికే ఆయన కళ్ళ ముందు వెలుగుతోంది.

"అయితుందన్నా, ఇంకో రెండు నిమిషాలు" అన్నాను. అని, ఉత్తినే కీబోర్డు టకటకలాడిస్తూ కూర్చున్నాను.

ఇంతకన్నా లావు గీత మీలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే, తప్పు మానిటర్‌ది కాదని ఆయనకు ఎలా చెప్పాలో రాయండి.