వెండిచుక్కాకు

అది 2022 ఫిబ్రవరి. గుంటూరు పక్కన నల్లపాడులో, రైలు పట్టాలకు కాస్త ఎడంగా ఉన్న మా ఇంటి ముందు గదే నా పని గది. నవలలు రాయడం నా వృత్తి. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఊరూరా సభలు పెట్టి మూఢనమ్మకాల మీద వాదించాను. ఆ రెండు పనులూ ఒకటేనని నమ్మేవాణ్ణి. కాదని ఒక గురువారం పొద్దున పదకొండు గంటలకు తెలిసింది.

నవల రాసేవాడు ఏం చదువుతాడని చాలామంది అడుగుతారు. నవలలు చదువుతాడనుకుంటారు. రాసే రోజుల్లో నేను నవల ముట్టుకోను. పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితం చదువుతాను. కోర్టు తీర్పులు చదువుతాను, ముఖ్యంగా సాక్షులు చెప్పిన భాగం. భయపడిన మనిషి మాట ఎక్కడ తెగుతుందో అందులో ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా ఉండదు. అన్నిటికంటే ఎక్కువగా నాకు పడనివాళ్ళ పుస్తకాలు చదువుతాను. మంత్రాలు, పసరు వైద్యాలు, వాస్తు, జాతకాలు. పెన్సిల్ పట్టుకుని రెండేసిసార్లు చదువుతాను. మాకు వాదం నేర్పిన పెద్దలు పెట్టిన పద్ధతి అది. ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం. దాన్ని అతనికంటే బలంగా నువ్వే చెప్పాలి. ఆ తర్వాతే పడగొట్టాలి. గడ్డిబొమ్మను నిలబెట్టి తన్నేవాణ్ణి మా పెద్దలు వేదిక మీదికి రానిచ్చేవారు కాదు.

నవలలోనూ అదే పద్ధతి పాటించాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఆ ఏడాది నా నవల ఫోన్లో వినే సీరియల్‌గా వస్తోంది. ప్రతి మంగళవారం ఒక ఎపిసోడ్, అంటే ఇరవై నిమిషాల భాగం. నా గొంతుతో నేనే చదివేవాణ్ణి. చివర నా ఫోన్ నంబరు చెప్పేవాణ్ణి, నాతో వాదించదలచినవాళ్ళు వాదించవచ్చని. ఆ వారం ఎపిసోడ్‌లో కోటయ్య అనే రైతును పత్తి చేలో పాము కరుస్తుంది. ఊళ్ళో పసరు వైద్యుడు వెండిచుక్కాకు నూరి రసం పోస్తాడు. కోటయ్య లేచి కూర్చుని మంచినీళ్ళు అడుగుతాడు. అక్కడ ఆపాను. మా పనిలో దీన్ని క్లిఫ్‌హ్యాంగర్ అంటాం. వినేవాడు ఉండబట్టలేని చోట కథను ఆపడమన్నమాట. కోటయ్యను కరిచింది విషం లేని జెర్రిపోతు అనీ, పసరు గొప్పతనం ఏమీ లేదనీ పై వారం డాక్టరు నిరూపిస్తుంది. పూర్వపక్షం ఒక మంగళవారం, దానికి జవాబు మరో మంగళవారం.

ఏది రాసినా మొదట వినేది మా ఆవిడ విజయ. ఆ భాగం వినగానే కూర ముక్కలు కోయడం ఆపింది.

"ఇక్కడ ఆపుతారా?"

"ఇక్కడే ఆపాలి."

"అయితే వారం రోజులు ఆ పసరువాడు గెలిచినట్టే కదండీ."

"ఏం, జనానికి బుద్ధి లేదా?"

"బుద్ధి ఉంది. పాములు కూడా ఉన్నాయి."

నేను వినలేదు. నా దగ్గర దానికీ జవాబు ఉంది. వెండిచుక్కాకు అనేది లోకంలో లేదు. ఎవరూ తిని చావకూడదని పేరుతో సహా నేనే పుట్టించాను. కొండ మీద రాతి నీడన మొలుస్తుందనీ, నలిపితే పచ్చిమామిడి వాసన వస్తుందనీ, ఆకు అడుగున సరిగ్గా పదకొండు తెల్ల చుక్కలుంటాయనీ రాశాను. అబద్ధానికి కొలతలు పెడితే నిజంలా నిలబడుతుంది. మా వృత్తిలో రహస్యమంటూ ఉంటే అదొక్కటే.

గురువారం పదకొండింటికి ఫోన్ మోగింది. ఆడగొంతు.

"కత చెప్పే సారేనాండీ?"

"అవునమ్మా. ఎవరు?"

"మాది పొదిలి అవతలండీ. నా పేరు మస్తాన్‌బీ. ఆ ఎండిచుక్కాకు కొండకి ఏ పక్కన ఉంటదండీ? ఎండ పడే పక్కా, నీడ పక్కా?"

నేను నవ్వాను. "ఎందుకమ్మా?" అన్నాను.

"మా ఇంటాయనకి పాము కరిసిందండీ."

మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలో మంచుకు కప్పిన పట్టా తీస్తుంటే దాని కింద ఉందట. పడగెత్తి మణికట్టు మీద కాటేసిందట. ముప్పావుగంట అయింది. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు మంగళవారం నా ఎపిసోడ్ పెట్టుకుని వింటూ పని చేశారట. అందుకని కాటు పడగానే ఆమె బావగారు సైదా కొండెక్కి, రాయి రాయి వెతికి, ఉత్త చేతులతో అప్పుడే దిగి వచ్చాడట.

"రోలు కడిగి పెట్టామండీ, ఆకు రాంగానే నూరటానికి."

"మీ ఆయన ఎట్లా ఉన్నాడు?"

"నిద్రమత్తుగా ఉందంటన్నాడు. రెప్పలు నిలబడటల్లా. మాట ముద్దగా వస్తంది."

ఈ నవల కోసమే పాముకాటు చికిత్స గురించి దొరికినదంతా చదివి ఉన్నాను. నాగుపాము విషం ముందు కనురెప్పల్ని వాలుస్తుంది. ఆ తర్వాత నాలుక, ఆ తర్వాత గొంతు. చివరికి ఊపిరి. ఏది దేని వెనక వస్తుందో నాకు కంఠతా వచ్చు. అవతల ఆ వరసలో రెండోది మొదలైంది. వాళ్ళు రోలు కడిగి పెట్టుకున్నారు.

ఊరి పేరు అడిగి కాగితం మీద రాసి విజయకు చూపించాను. ఆమె తన ఫోన్ నుంచి 108కి చేసింది.

"అమ్మా, అలాంటి ఆకు లేదు. నేనే పుట్టించాను. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

"లేకపోతే ఎట్టా చెప్పారండీ? చుక్కలు ఎన్ని ఉంటయ్యో కూడా చెప్పారే."

"అది కథమ్మా."

"కతే. కానీ చెప్పింది మీరే కదండీ. ఈ గొంతే."

విషం గురించి, నరాల గురించి, ఏఎస్‌వీ గురించి గబగబా చెప్పుకుపోయాను. ఏఎస్‌వీ అంటే పాము విషానికి విరుగుడుగా నరంలోకి ఎక్కించే మందు, అదొక్కటే మందు. సభల్లో చప్పట్లు కొట్టించుకున్న ఉపన్యాసమే అది. మధ్యలో ఎవరో ఫోన్ లాక్కున్నారు.

"నేను సైదాని. ఏందయ్యా నీ సోది? ఆకు యాడుందో చెప్పు."

"సైదా గారూ, ఆస్పత్రికి..."

"ఆస్పత్రికి పోయినోళ్ళు మా ఊళ్ళో ఇద్దరు తిరిగి రాలా."

"ఎప్పుడు తీసుకెళ్ళారు వాళ్ళని? మంత్రం వేయించాకే కదా?"

"తెలివి నా దగ్గర చూపీమాక. నీ కతలో కోటయ్యకి ఎక్కిన మందు నా తమ్ముడికి ఎక్కదా? చెప్తావా, పెట్టెయ్యమంటావా?"

వాదంలో నేను నెగ్గాను. ఆ నెగ్గడానికి చిల్లిగవ్వ విలువ లేదు. ఇంకో అర నిమిషంలో అతను ఫోన్ పెట్టేసి మళ్ళీ కొండెక్కుతాడు. వెనకాల మస్తాన్‌బీ "ఏమయ్యా, కళ్ళు తెరువు" అంటోంది. అవతల నుంచి మాట కాదు, ఒక మూలుగు వినిపించింది.

"సైదా గారూ, ఆ కోటయ్య చచ్చిపోతాడు" అన్నాను.

"ఎప్పుడు?"

"వచ్చే మంగళవారం."

"లేచి కూచున్నాడుగా?" అన్నాడు. గొంతు మారింది.

ముప్పై ఏళ్ళుగా నిజం తప్ప మాట్లాడనని చెప్పుకున్నవాణ్ణి, మంగళవారాలు చదివే గొంతుతో మొదలుపెట్టాను. "లేచి కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు నోటికి అందించారు. నీళ్ళు మింగుడుపడక పెదాల పక్కనుంచి కారిపోయాయి. అందరూ మగతలే అనుకున్నారు. వైద్యుడు ఇంకో గుక్క పసరు పోశాడు. ఆస్పత్రికి తీసుకెళ్తానని పెళ్ళాం ఏడ్చింది. కోటయ్య అన్నగారు వద్దన్నాడు. బండి కట్టేసరికి ఊపిరి ఆగిపోయింది. ఆ తర్వాత ఆ అన్నగారు వాకిట్లోకి వస్తే అతని పెళ్ళామూ మరదలూ ఎవరూ తలెత్తి చూడలేదు, బతికున్నన్నాళ్ళూ."

ఒక్క ముక్క కూడా నా రాతలో లేదు. కోటయ్యకు అన్నగారే లేడు. అప్పటికప్పుడు పుట్టించాను.

సైదా ఫోన్ దూరంగా పెట్టి అరిచాడు. "ఒరేయ్, బండి తియ్యండ్రా."

మోటార్‌సైకిల్ మీద మనిషిని మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు గట్టిగా పట్టుకోమన్నాను. గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు, చెయ్యి కదలనివ్వొద్దు, నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయొద్దు అన్నాను. పొదిలి నుంచి అంబులెన్సు బయల్దేరిందనీ, పెద్దరోడ్డు మీద ఎదురెళ్ళమనీ విజయ పక్కనుంచి చెప్పింది. ఫోన్ తెగిపోయింది.

ఆ తర్వాత ఆరు గంటలు ఎట్లా గడిచాయో రాయడం నాకు చేతకాదు. ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు పలకలేదు. సీరియల్‌లోంచి ఆ ఎపిసోడ్ తీసేద్దామని తెరిస్తే నా గొంతే వినబడింది. "కోటయ్య కళ్ళు తెరిచాడు." ఎంత నమ్మకంగా చదివానో. మస్తాన్‌బీ ఫోన్ చేసింది కాబట్టి నాకు తెలిసింది. ఫోన్ చెయ్యకుండా ఇంకెన్ని కొండల మీద ఎంతమంది వెతుకుతున్నారో ఎవరు చెప్పగలరు? తీసేశాను. తీసేశాక కూడా భయం తగ్గలేదు. విన్నవాళ్ళ చెవుల్లోంచి తీసెయ్యలేనుగా. విజయ అన్నం పెట్టుకొచ్చింది. నేను చెప్పానుగా అని ఒక్క మాట అంటే తేలికపడేవాణ్ణేమో. ఆమె కంచం నా ముందు పెట్టి వెళ్ళింది.

అయిదింటికి మస్తాన్‌బీ ఫోన్ చేసింది. "ఒంగోలు వచ్చామండీ. పొదిల్లోనే మందు ఎక్కించారు. గొంతులో గొట్టం పెట్టారు. మిషను ఊపిరి ఆడిస్తంది."

"కళ్ళు తెరిచాడా?"

"ఇంకా లేదండీ."

మర్నాడు మధ్యాహ్నం ఖాశిం కళ్ళు తెరిచాడు. ఆమె ఇంటాయన పేరు ఖాశిం అని నాకు అప్పుడే తెలిసింది. ముందు రోజంతా అడగనే లేదు.

ఆదివారం మళ్ళీ చేసింది. గొట్టం తీశారట, జావ తాగుతున్నాడట, చేతి రెండు వేళ్ళు ముడుచుకుపోయాయట. చివర్లో అడిగింది. "సార్, కోటయ్య నిజంగానే పోతాడా?"

ఇక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "లేదమ్మా. నేను రాసిందాన్లో బతుకుతాడు. వాణ్ణి కరిచింది జెర్రిపోతు. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాను.

"చంపండి సార్" అంది.

"ఏంటమ్మా?"

"మంగళవారం కళ్ళంలో అందరూ ఇంటారు. జెర్రిపోతని మీరు ఎంత చెప్పినా, బతికాడన్న ముక్కే పట్టుకుంటారు. ఇంకోళ్ళు కొండెక్కుతారు. మా బావగారే ముందు ఎక్కుతాడు. మీకు తెలవదు."

ఎపిసోడ్ తిరగరాశాను. ఫోన్లో సైదాకు చెప్పింది చెప్పినట్టు రాసి, అన్నగారిని కూడా పెట్టి, కోటయ్యను చంపాను. చదివే ముందు వెండిచుక్కాకు ఎక్కడా లేదనీ, అది నేను పుట్టించిన అబద్ధమనీ నా గొంతుతోనే చెప్పాను. అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. సభలో పూర్వపక్షం చెప్పినవాడు జవాబు చెప్పేదాకా వేదిక దిగడు, విన్నవాడు లేచి పోడు. కథ అట్లా కాదు. విన్నవాడు దాన్ని తీసుకుని తన పనిలోకి వెళ్ళిపోతాడు, అక్కడ నిజమైన పాము ఉంటుంది. అందుకని అబద్ధం నిలబడి ఉన్న చోట ఏ ఎపిసోడూ ఆపను. విజయ సరేనన్నాకే చదువుతాను.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. మరుసటి ఏడాది ఖాశింను చూడటానికి పొదిలి వెళ్ళాను. సైదా బండి మీద వచ్చి బస్టాండులో ఎక్కించుకుంటానన్నాడు. అతని కోసం నిలబడి ఉంటే గోనెపట్టా మీద ఎండుటాకులు పోసుకుని ఒకాయన కేకేస్తున్నాడు. పాముకాటుకు, తేలుకాటుకు అంటున్నాడు.

"ఏం ఆకు ఇది?"

"ఎండిచుక్కాకు సార్. మా తాతల నాటిది."

"చుక్కలేవీ?" అన్నాను.

"ఎండితే పోతయ్ సార్. పచ్చి మీద పదకొండుంటయ్."

ఇది నా అబద్ధమని చెప్పాను. అతను నన్ను జాలిగా చూసి పక్కవాళ్ళ వైపు తిరిగాడు. ఇద్దరు అప్పటికే పొట్లాలు కట్టించుకుంటున్నారు. ఇంతలో సైదా వచ్చాడు. బండి దిగి, ఒక ఆకు తీసి, నలిపి, వాసన చూశాడు.

"ఏ కొండ మీద దొరికిందిరా ఇది?"

"అదిగో, అదే సార్" అని చూపించాడు అతను.

"ఆ కొండంతా నేను ఎతికా. అక్కడ రాళ్ళున్నయ్యిరా, ఆకుల్లేవు" అన్నాడు సైదా. "నువ్వు ఎతుకుతా ఉండగా కింద నీ తమ్ముడు చస్తా ఉన్నాడా ఎప్పుడన్నా?"

పొట్లాలు కట్టించుకున్నవాళ్ళు వాటిని కింద పెట్టేశారు. ముప్పై ఏళ్ళ నా ఉపన్యాసాల్లో అలాంటి వాక్యం ఒక్కటి లేదు. మేం చూస్తుండగానే ఆకులమ్మేవాడు గోనెపట్టా నాలుగు చెంగులూ ముడేసి భుజాన వేసుకుని కదులుతున్న బస్సెక్కాడు. అది ఏ ఊరి బస్సో చదివేలోపే మలుపు తిరిగిపోయింది.