గోడ మీద గుట్టాయన

ఆ రోజుల్లో చదువుకునేవాళ్లం పోట్లాడుకోవాలన్నా ఒక గోడ కావాల్సి వచ్చేది. ఇప్పటి కాలేజీ పిల్లలు ఫోన్లలో మారుపేర్లు పెట్టుకుని పాఠాల మీద వాదించుకుంటూ, అదేదో తామే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడే బడి మానేసి, దేవరకొండలో సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ సొంతంగా చదువుకుని, ఎట్లాగో ప్రవేశ పరీక్ష గట్టెక్కి దూరవిద్య డిగ్రీలో చేరినవాణ్ణి నేను. ఆదివారాలు నల్లగొండలో తరగతులు. ఒక్క హాలులో వందల మందిమి. ఎకనామిక్స్ సారు గొంతు నాలుగో బెంచీ దాటేది కాదు. అందుకని సందేహాలన్నీ సైకిల్ స్టాండు గోడ మీద సుద్దతో రాసేవాళ్లం. తెలిసినవాళ్లు కింద జవాబు రాసేవాళ్లు. పేరు బయటపడకుండా ఊరిపేరే సంతకం.

ఒక వారం ఎవరో, "కరువొస్తే జొన్నల ధర పెరుగుతుంది కదా, రైతుకు లాభమేనా?" అని రాశారు. పుస్తకం చూసి లాభమేనని రాశాను. మరుసటి వారం దాని కింద, "దేవరకొండా, పండనోనికి ధర పెరిగితే ఏమొస్తది? జర పుస్తకం మూసి చేనుకాడికి పో" అని గుట్ట సంతకంతో ఉంది. యాదగిరిగుట్ట వాడు నాకు చేను సంగతి చెప్పడమా? "గుట్టాయనా, పులిహోర తిని పండుకోక పాఠం చదువు" అని పెద్దక్షరాలతో రాసి వచ్చాను.

ఆ తర్వాతి ఆదివారం సారు వస్తూనే, "గోడ ఖరాబు చేసినోళ్ల అడ్మిషన్ తీసేస్తరట. దేవరకొండ ఎవరయ్యా?" అన్నాడు. నోరు మెదపకపోతే సరిపోయేదే. కానీ మేం ఒకరినొకరం పిలుచుకునేది కూడా ఊరిపేరుతోనే (సంతకాలు చేసేటప్పుడు ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు). హాలంతా నా వైపు తిరిగింది. పక్కనున్నాయన, "లే దేవరకొండా, సారు పిలుస్తుండు" అని మోచేత్తో పొడిచాడు. ఉన్న ఒక్క చదువూ పోయిందనుకుంటూ లేచాను.

"మరి గుట్ట ఎవరు?"

ఆడవాళ్ల వరుసలోంచి మా అమ్మ వయసున్న దవాఖాన నర్సమ్మ లేచింది. "నేనే సార్. గోడ సంగతి మీ ఇష్టం. గీ పిలగాడు నన్ను మొగోన్ని చేసిండు, గది జర అడుగుండ్రి."

హాలు పగలబడి నవ్వింది. సారూ నవ్వాడు. "ఇన్ని దినాల సంది ఏమన్న అడుగుండ్రని మొత్తుకుంటున్న, ఒక్కరు నోరు తెరువలే. గోడ మీద గింత లొల్లా? పెద్దసారుతోని నేను మాట్లాడుకుంట. సున్నం మాత్రం మీరిద్దరే వెయ్యాలె."

పోయిన ప్రాణం లేచి వచ్చింది. సున్నం వేస్తున్నంతసేపూ ఆమె, "అమ్మెతందుకు గింజలుండాలె గద బిడ్డా" అంటూనే ఉంది. నేను పుస్తకంలోని మాట అప్పజెబుతూనే ఉన్నాను. పరీక్షలో అదే ప్రశ్న వస్తే ఆమె చెప్పిందే రాసి గట్టెక్కాను. ఏం రాసినవని ఆమె అడిగితే, "నాకు తోచింది రాసిన" అన్నాను. నర్సమ్మ నవ్వి ఊరుకుంది. చదువు దక్కిన సంబరంలోనూ మొండితనం వదలని ఆ పంక్చర్ల పోరణ్ణి తలచుకుంటే ఈ వయసులో నాకూ ఆమెలాగే నవ్వి ఊరుకోవాలనిపిస్తుంది.