అక్టోబరులో వేసిన తారుపూత

"ఈసారి లారీ ఆగకపోతే?"

కోరిన్ ఆ మాట అన్నప్పుడు రెయినో కల్లియో ఆమె ఇంటి ముందు తారుబాట మీద మోకాళ్లపై కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. జ్వరం చూసేవాడిలా అరచేతిని నేలకు ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

"దుంగల లారీ సంగతేనా?" అన్నాడు చివరికి.

ఆ సంగతి ఆ రోడ్డు మీద ఉన్న పదకొండు ఇళ్లకూ తెలుసు. గ్యారేజీ నుంచి పెద్ద రోడ్డు దాకా కోరిన్ వాళ్ల తారుబాట డెబ్భై అడుగులు, అంతా వాలు. సగం దూరంలో అడ్డంగా ఒక పగులు. పోయిన డిసెంబరులో రెండు రోజులు ఎండ కాసి మంచు కరిగింది. ఆ నీళ్లు పగులులోంచి ఊరి, రాత్రికి గడ్డకట్టి, బాట మధ్యలో గాజుపలకలా పరుచుకున్నాయి. మర్నాడు ఉదయం కోరిన్ ఎనిమిది నెలల పాపకి టీకా వేయించడానికి బయలుదేరింది. బ్రేకు నొక్కింది. కారు ఆగలేదు. మెల్లగా, ఏ తొందరా లేనట్టు జారుకుంటూ వెళ్లి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. ఆ మెల్లదనమే ఆమెకి ఇప్పటికీ కలలోకి వస్తుంది. దుంగల లారీ నాలుగు గజాల దూరంలో ఆగింది. డ్రైవరు దిగి ఒక్క మాట కూడా అనకుండా, తన ఇసుక సంచి తెచ్చి ఆమె టైర్ల కింద చల్లి వెళ్లిపోయాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదని కోరిన్ చాలాసార్లు అనుకుంది.

ఇప్పుడు పాప ఒడెట్‌కి ఏడాదిన్నర. భర్త వేడ్ సుపీరియర్ సరస్సు మీద ఇనుప ఖనిజం మోసే ఓడలో పనిచేస్తాడు. జనవరిలో నీళ్లు గడ్డకట్టి ఓడలు ఆగితే గాని ఇంటికి రాడు. పాపని ఎత్తుకుని ఆ వాలు దిగాల్సింది కోరిన్ ఒక్కతే.

రెయినో ఫ్లాస్కు మూతలో ఉన్న నీళ్లు నేల మీద ఒంపాడు. తారు వాటిని గటగటా పీల్చేసుకుంది.

"పూత అడుగుతోంది. కానీ ఆగస్టులో అడిగి ఉండాల్సింది. అప్పుడేం చేస్తున్నావ్, అమ్మాయీ?"

"పాపకి పళ్లొస్తున్నాయి. కాస్త నిద్రపోతే చాలనుకున్నాను."

"అయితే తప్పు పళ్లది."

"వచ్చే వారమంతా ఎండే కాస్తుందట, రెయినో. రేడియోలో చెప్పారు."

"ఎండ మనకి. నేలకి కాదు. ఏదీ, చెయ్యి పెట్టు."

కోరిన్ చెయ్యి పెట్టింది. గాలి వెచ్చగానే ఉంది గాని, తారు మాత్రం నేలమాళిగ గోడలా చల్లగా తగిలింది.

"నల్లగా ఉంటే వేడిని లాక్కుంటుంది కదా. మంచు తొందరగా కరుగుతుంది. నేను లెక్క వేశాను."

"ఆరడుగుల మంచు కింద నలుపైతేనేం, ఎరుపైతేనేం?" అన్నాడు రెయినో, మోకాళ్లు దులుపుకుని లేస్తూ. "ఈ వాలు మీద కొత్త పూత అంటే నున్నగా ఉంటుంది. ఇసుక కలిపి వేయాలి. రెండు పగళ్లు, రెండు రాత్రులు వెచ్చగా ఉండి ఆరాలి. ఇప్పుడు ఆరదు. పూత వేయను. పొడి రోజు చూసి పగుళ్లు మాత్రం పూడుస్తాను."

కోరిన్‌కి వినబడింది 'వేయను' అన్న మాటొక్కటే.

రెయినో కల్లియోకి అరవై ఏడేళ్లు. ముప్పై ఒక్క ఏళ్ల పాటు చలికాలాల్లో కౌంటీ తరఫున రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాడు. వేసవిలో ఆ ఊరి తారుబాటలకి పూత వేశాడు. లారీ ఉద్యోగం నుంచి దిగిపోయాడు గాని పూత పని మానలేదు. జూన్ చివర్లో మొదలుపెట్టి ఆగస్టు ఆఖరు వారానికి బ్రష్షులు కడిగేస్తాడు. తర్వాత ఎవరు బతిమాలినా కదలడు. అతన్ని ఒప్పించడం కంటే చలికాలాన్ని ఆపడం తేలికని ఊళ్లో వాళ్లు విసుక్కుంటారు. ఎక్కడికి పోయినా ముందు వంగి నేలని ముట్టుకుంటాడు. చర్చి ముందూ అంతే, దుకాణం ముందూ అంతే. "పెళ్లయి నలభై నాలుగేళ్లు. నన్నెన్నిసార్లు ముట్టుకున్నాడో అంతకు పదింతలు ఆ రోడ్లని ముట్టుకుని ఉంటాడు" అంటుంది అతని భార్య లెంపి, వచ్చినవాళ్లకి యాలకుల రొట్టె కోసిపెడుతూ.

ఆ శనివారం నిజంగానే వేసవి తిరిగొచ్చినట్టుంది. ఆకులు రాలిపోయాక వచ్చే ఆ నాలుగైదు వెచ్చని రోజులు ఏడాదికొకసారి అక్కడి వాళ్లందర్నీ మోసం చేస్తాయి. ఒకడు పడవని ఒడ్డుకి లాగడం వాయిదా వేస్తాడు, ఇంకొకడు చలికాలం టైర్లు మార్చడం. కొత్తగా వచ్చినవాళ్లు భయంతో అన్నీ ముందే చేసుకుంటారు. మోసపోయేది ఎప్పుడూ అక్కడ పుట్టి పెరిగినవాళ్లే. కోరిన్ అక్కడే పుట్టింది.

పది గంటలకల్లా దుకాణం నుంచి ఆరు డబ్బాలు తెచ్చుకుంది. ఊరి మంచినీళ్ల ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. డబ్బా మీద అక్షరాలు చదవడం ఆమెకి అలవాటు. బొగ్గుతారు కలిసినవి పక్కన పెట్టేసింది. దాని దుమ్ము ఇంట్లోకి వస్తే పాక్కుంటూ తిరిగే పిల్లలకి మంచిది కాదని ఆమెకి తెలుసు. తాను కొన్నది నీళ్లలో చిలికిన మామూలు తారు. నీళ్లు ఆవిరైపోతే తారు కణాలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. రాత్రి కూడా యాభై ఫారన్‌హీట్ డిగ్రీల కంటే, అంటే పది సెల్సియస్ కంటే, తగ్గకూడదని డబ్బా మీద ఉంది. అదీ చదివింది. పగలంతా ఎండలో కాగిన తారు రాత్రి దాకా వేడిని పట్టి ఉంచుతుందని తనకి తానే సర్దిచెప్పుకుంది. బాటకి దక్షిణాన వరసగా నిలబడ్డ, ఆకు రాల్చని హెమ్లాక్ చెట్లు మూడింటికే నీడ పరిచేస్తాయన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఒడెట్‌ని వరండాలో చెక్క కంచెలో కూర్చోబెట్టి, రబ్బరు పలక తగిలించిన పొడుగు కర్రతో పైనుంచి కిందికి తారు లాగింది. సాయంత్రానికి బాట కొత్త బూటులా మెరిసింది. ఏడాదిలో మొదటిసారి కోరిన్ గుండెలో ముడి కాస్త వదులైంది. ఫోటో తీసి వేడ్‌కి పంపింది. "అబ్బో, రెయినో కడుపు మండిపోతుంది" అని ఓడ మీంచి జవాబొచ్చింది.

ఆదివారం మబ్బు పట్టింది. తారు పైన సన్నటి పొర కట్టింది గాని వేలితో నొక్కితే కింద మెత్తగా కదిలింది. సాయంత్రానికి ఆరుతుందిలే అనుకుంది. మధ్యాహ్నం పొయ్యి మీద సూప్ చూసుకుని వెనక్కి తిరిగేసరికి ఒడెట్ వరండా మెట్టు దిగి, బాట అంచున రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉంది. అరచేతులు నల్లగా. ఒక వేలు నోటి దగ్గరికి వెళుతోంది.

కోరిన్ ఎప్పుడు పరిగెత్తిందో ఆమెకే తెలియదు. వంటనూనె రాసి, సబ్బుతో కడిగి, నోరు తుడిచి, విషాల గురించి చెప్పే నంబరుకి ఫోన్ చేసింది. అవతలి ఆవిడ నెమ్మదిగా డబ్బా మీద పేర్లన్నీ చదివించుకుని, ఏం కాదు, పాప తింటోందా, ఆడుతోందా అని అడిగింది. పాప ఆడుతూనే ఉంది. కోరిన్ వెళ్లి వరండా తలుపుకి గొళ్లెం పెట్టింది.

సోమవారం ఉదయం సన్నటి వాన. ఏడున్నరకి పాపని వెనక సీట్లో కట్టి, గ్యారేజీ నుంచి కారు బయటికి తీసింది. గుమ్మం దాటగానే చక్రాల కింద నేల సబ్బయిపోయింది. బ్రేకు నొక్కింది. కారు మెల్లగా, అదే మెల్లదనంతో కిందికి జారింది. బాట చివర ఉన్న తపాలా పెట్టె గుంజకి బంపరు తగిలి ఆగింది. ముందు చక్రం రోడ్డు అంచు మీద ఉంది. రోడ్డు మీద ఏ లారీ లేదు. ఆ సమయానికి లేదంతే. అందులో తను చేసిందేమీ లేదు. పోయినసారి మంచు చేసింది. ఈసారి తన చేతులారా తనే చేసింది.

పాపని చంకనేసుకుని, నడుచుకుంటూ మూడో ఇల్లయిన రెయినో వాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసిన లెంపి ఆమె బూట్లు చూసి, నల్లటి అడుగుల వరస చూసి, "రెయినో, నీ బ్రష్షులు కడగడం దండగైపోయింది" అని లోపలికి కేక వేసింది.

రెయినో పసుపుపచ్చ రెయిన్‌కోటు తొడుక్కుని వచ్చాడు. కారుని తాళ్లతో పక్కకి లాగించాడు. నల్లనీళ్లు రోడ్డు పక్క కాలువలోకి దిగుతుంటే తన షెడ్డులోంచి గడ్డి మోపులు తెచ్చి అడ్డం వేశాడు. ఆ కాలువ వాగులో కలుస్తుంది. వాగు నీళ్లు నెలకొకసారి పరీక్షించడం కోరిన్ పనే. ఆఫీసుకి ఫోన్ చేసి, ఈ పని చేసింది నేనేనని తనే చెప్పుకుంది.

"తిట్టండి, పర్లేదు" అంది కోరిన్.

"తిట్టాలంటే నేను ముందు వరసలో నిలబడాలి." అతను గడ్డిమోపు మీద కూర్చున్నాడు. "పెన్‌హేల్ టీచరని ఒకావిడ ఉండేది. నాకు ఎక్కాలు నేర్పింది. గుట్ట మీద ఇల్లు. నాకప్పుడు ముప్పై ఏళ్లు. పూత అద్దంలా మెరవాలని నాకు సరదా. ఇసుక కలిపితే మెరుపు పోతుందని కలపలేదు. సెప్టెంబరు నెలాఖరులో వేశాను. మొదటి మంచు పడిన రోజు ఆవిడ పేపరు కోసం దిగి జారింది. తుంటి విరిగింది. ఆసుపత్రికి చూడ్డానికి వెళితే ఏమందో తెలుసా? బాట చాలా అందంగా ఉంది రెయినో, అంది."

"మీ మీద కోపం రాలేదా?"

"వచ్చుంటే నేనెప్పుడో మర్చిపోయేవాణ్ని."

వాన కాస్త పెద్దదైంది. కోరిన్ లోపలికి వెళదామంది. రెయినో కదల్లేదు. పాపకి టోపీ పెట్టి తీసుకురమ్మన్నాడు. గ్యారేజీ ముందు నిలబడి, కప్పు నుంచి కింది దాకా చూస్తూ ఉండిపోయాడు. ఏం చూడాలో కోరిన్‌కి మొదట అర్థం కాలేదు. అంతా తడిగానే ఉంది. పావుగంట గడిచాక నీళ్లు వేటి దారిన అవి విడిపోయాయి. గ్యారేజీ చూరు నుంచి దిగే గొట్టం కప్పు మీది నీళ్లన్నీ తెచ్చి సరిగ్గా బాట మూల మీద ఒంపుతోంది. అక్కడ తారుకీ గ్యారేజీ సిమెంటు నేలకీ మధ్య వేలెడు సందు. నీళ్లు ఆ సందులోకి దిగి మాయమవుతున్నాయి. వాలులో ముప్పై అయిదు అడుగుల దిగువన, అడ్డంగా ఉన్న ఆ పాత పగులులోంచి మళ్లీ పైకి ఊరుతున్నాయి.

కోరిన్ ఆ ఊటని చూస్తూ నిలబడిపోయింది. గడ్డకడితే నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుందని ఆమెకి తెలుసు. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కసారైనా చూడలేదు.

"వేడ్ పోయిన ఏడాది ఆ గొట్టం కొత్తది వేశాడు. పాతదానికంటే పొట్టిది" అంది.

"ఓడలో పనిచేసేవాడు కదా. నీళ్లు ఎటు పోయినా తేలతాననుకుంటాడు" అన్నాడు రెయినో.

ఆ రోజే గొట్టాన్ని అవతలి పక్కకి, గడ్డి నేల మీదికి తిప్పారు. ఆరని పూతని పారలతో గీకి, గరుకు ఇసుక చల్లి, మళ్లీ గీకారు. రెండు రోజులు పట్టింది. బాట గజ్జి పట్టిన కుక్కలా తయారైంది. వారం తర్వాత పొడి రోజు దొరికింది. రెయినో రబ్బరు కలిపిన తారుని కుండలో కాచి, పైన సందుతో మొదలుపెట్టి ప్రతి పగులూ పూడ్చాడు. పూత జూలైలో, ఇసుక కలిపి, అన్నాడు. ఈసారి కోరిన్ ఎదురు చెప్పలేదు.

డిసెంబరులో మళ్లీ రెండు రోజులు ఎండ కాసింది, రాత్రి గట్టిగా చలి పట్టింది. మర్నాడు ఉదయం కోరిన్ పాపని కారెక్కించకముందే బూట్లతో బాట మధ్యకి వెళ్లింది. గ్లౌజు తీసి పగులు మీద చెయ్యి పెట్టింది. పొడిగా ఉంది. గరుకుగా, వికారంగా, పొడిగా. తర్వాత కారు తీసింది. తపాలా పెట్టె దగ్గర బ్రేకు నొక్కితే కారు ఆగింది. దుంగల లారీ ఒకటి మంచు చిమ్ముకుంటూ ముందు నుంచి పోయింది. అది పూర్తిగా కనుమరుగయ్యేదాకా ఆమె కాలు బ్రేకు మీద నుంచి తీయలేదు.

భయం పూర్తిగా పోయిందని చెప్పలేం. రాత్రి గాలి తిరిగితే ఇప్పటికీ మెలకువ వస్తుంది. కానీ వాన పడిన ప్రతిసారీ ఒడెట్‌కి రబ్బరు బూట్లు తొడిగి, చెయ్యి పట్టుకుని గ్యారేజీ ముందుకి వస్తుంది. గొట్టం మారిన రోజు సాయంత్రం, లెంపి పంపిన రొట్టె పొట్లం ఆమె చేతిలో పెడుతూ రెయినో చెప్పిన మాట అది.

"ఇంట్లో కూర్చుని లెక్కలు వేస్తే భయం పెరుగుతుంది, అమ్మాయీ. వాన మొదలైన పావుగంటకి బయటికి రా. అంతకుముందు రాకు, అంతా తడిగానే కనబడుతుంది. పాపనీ తీసుకురా, దానికి సరదాగా ఉంటుంది. ఇరవై నిమిషాలు నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. తర్వాత లోపలికి వెళ్లి, ఇంకా భయపడాలనిపిస్తే అప్పుడు భయపడు."