ఎర్ర గుర్తు అడిగిన మేస్త్రి

2023 వేసవి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల మెషినరీకి సర్వీసు చేసే ఒక చిన్న కంపెనీలో షెడ్యూలింగ్ చూసేదాన్ని. ఏ రిపేరుకు ఏ మెకానిక్ వెళ్ళాలో తేల్చడమే నా పని. ఆ రోజుల్లో ఫోన్లు ఎత్తీ ఎత్తీ ఇంటికెళ్ళాక ఎవరు పలకరించినా చిరాకేసేది.

అది చాలదన్నట్టు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాన్ని మా పనికి తగ్గట్టు అమర్చడం, అంటే కాన్ఫిగరేషన్, నా నెత్తిన పడింది. ఒక్కో మెకానిక్ పేరు కింద అతనికి వచ్చిన స్కిల్స్‌కు టిక్ పెట్టాలి. ఒక్కో పనికి ఏ స్కిల్ కావాలో చెప్పాలి. రెండూ కలవకపోతే ఎర్ర గుర్తు పడుతుంది, ఆ మనిషికి ఆ పని ఇవ్వనివ్వదు.

మొదటి రోజు స్క్రీన్ చూసి మా ఓనరు ప్రసాద్ గారు అదిరిపడ్డారు.

"ఏంటమ్మా ఇది, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలా ఉంది! సుబ్బారావు బాబాయ్ పేరు పక్కన కూడా ఎరుపేనా?"

"ఆయనకి అమ్మోనియా లీకు ట్రైనింగ్ పూర్తి కాలేదండి."

"ఇక్కడందరికీ పని నేర్పిన మేస్త్రి ఆయన. ఆయనకి రాదని పెడితే నా మొహం ఎలా చూపించను? అన్నీ టిక్ పెట్టెయ్."

అమ్మోనియా అంటే స్టోరేజీని చల్లబరిచే గ్యాస్. లీకైతే మాస్క్, గాలి సిలిండరు తగిలించుకునే లోపలికి వెళ్ళాలి. ఎంత చెప్పినా ప్రసాద్ గారు వినలేదు. పెద్దాయనకు రాని పని ఒకటుందనడం మా వైపు మర్యాద కాదు. విసుగొచ్చి "మీరే పెట్టుకోండి" అన్నాను. ఆయనే కూర్చుని పెట్టుకున్నారు.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఊరి శివారు స్టోరేజీ నుంచి ఫోన్. అమ్మోనియా లీకు. కూలీలంతా బయటికి వచ్చేశారు, ఎవరో ఒకరు లోపలికెళ్ళి వాల్వు మూయాలి. సాఫ్ట్‌వేర్ సుబ్బారావు గారి పేరు చూపించింది. "బాబాయ్, బయల్దేరు!" అని ప్రసాద్ గారు కేకేసి మళ్ళీ ఫోన్‌లో పడ్డారు.

సుబ్బారావు గారు పనిముట్ల సంచితో వచ్చి నా బల్ల దగ్గర ఆగారు.

"అమ్మాయ్, ఆ ఎర్ర గుర్తు మళ్ళీ పెట్టగలవా?"

"ఏమైందండీ?"

"ఆ మాస్కు పెడితే నాకు ఊపిరాడదమ్మా. ట్రైనింగులో పీకేసి బయటికొచ్చేశా. ప్రసాదు కొడుకులాంటోడు, పదిమందిలో నన్ను పెద్దోణ్ణి చేశాడు. రాదని నా నోటితో ఎట్టా చెప్పను? ఆ కంప్యూటర్ చేత చెప్పించు."

నాకు భయమేసింది, కోపమూ వచ్చింది. నేను కాదంటే మాస్క్ లేకుండానే లోపలికి వెళ్ళేలా ఉన్నారు. టిక్ తీసేశాను. ఎర్ర గుర్తు పడింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి?" అంటూ ప్రసాద్ గారు వచ్చారు.

"కంప్యూటర్ ఒప్పుకోవడం లేదండి. యేసుబాబుని చూపిస్తోంది."

యేసుబాబు పొదిలి నుంచి వచ్చి మా దగ్గర చేరిన మెకానిక్, ఆ ట్రైనింగ్ పూర్తి చేశాడు. ప్రసాద్ గారు స్క్రీన్ చూశారు, తర్వాత బాబాయ్ వైపు చూశారు. సుబ్బారావు గారు తల ఎత్తలేదు.

"సరే, యేసుబాబునే పంపు" అన్నారు ప్రసాద్ గారు నెమ్మదిగా.

యేసుబాబు మాస్క్‌తో వెళ్ళి వాల్వు మూసి క్షేమంగా వచ్చాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే నా బల్ల దగ్గరికి వచ్చి, ఫలానా పని నాకు రాదు, ఎరుపు పెట్టండి అని గొంతు తగ్గించి చెప్పడం మొదలైంది. ప్రసాద్ గారు మళ్ళీ అభ్యంతరం పెట్టలేదు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మధ్యాహ్నమే నన్ను వదలదు. రాదు అనే ఒక్క మాట ఓనరుతో అనలేక ఒక మనిషి ప్రాణానికి తెగించబోయాడు. ఆయన్ని అక్కడిదాకా తెచ్చింది మేమందరం ఆయనకిచ్చిన గౌరవమే.