పైపులో శనీశ్వరుడు

మా బావ వెంకటేశులుది పుంగనూరులో మోటారు వైండింగు షాపు. ఇల్లూ పొలమూ పెద్దపంజాణి పక్కన పల్లెలో. కుప్పంలో బడిపంతులుగా చేసే నేను శనివారం బడి వదలగానే బస్సెక్కి వాళ్లింట్లో దిగేవాణ్ణి. అక్కను చూసినట్టూ ఉంటుంది, బావను ఏడిపించినట్టూ ఉంటుంది.

2003లో అంగారకుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడని పేపర్లో చదివి ఆయనకు టెలిస్కోపు పిచ్చి పట్టింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కొనడమెందుకు, నేనే చేస్తానన్నాడు. మదనపల్లెలో కళ్లద్దాల షాపు మనోహర్ దగ్గర ప్లస్ వన్ పవరు అద్దం తెచ్చాడు. బోరుకు వాడే పీవీసీ పైపు మీటరు ముక్క కోసి, దాని కొసన బిగించాడు. రెండో కొసన, వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం. పైపును తీసుకుపోయి మిద్దె మీద నిచ్చెనకు కట్టాడు.

మొదటిరోజు చందమామ మజ్జిగలో పడ్డట్టు కనిపించాడు. బావ పైపు చంకనపెట్టుకుని మదనపల్లె పోయి మనోహర్‌తో తగువు పెట్టుకున్నాడు.

"అద్దమంతా వాడితే అట్లే ఉంటాదన్నా. అట్టముక్కకు రూపాయి బిళ్లంత బొక్క పెట్టి ముందర అంటించు. వెలుగు తగ్గుతాది, బొమ్మ తేటపడతాది" అన్నాడు మనోహర్.

నిజంగానే తేటపడింది. చందమామ మీద గుంటలు లెక్కపెట్టొచ్చు. కాకపోతే బొమ్మ తలకిందులు. మోటారు వెనక్కి తిరిగితే రెండు వైర్లు మార్చి సరిచేసే మనిషి గదా, పైపును గుండ్రంగా తిప్పి చూశాడు. చందమామ ఆయన మాట వినలేదు.

అయినా వీధి వీధంతా మిద్దెక్కి చూసింది. బావ నేల మీద నిలవలేదు. 2004 ఫిబ్రవరిలో శనిగ్రహం దొరికింది, ఉంగరంతో సహా. అది దాదాపు నడినెత్తిన ఉండడంతో చాప మీద వెల్లకిలా పడుకుని చూడాలి. రమ్మంటే ఒక్కరూ రాలేదు.

"ఆయప్ప సూపు తగలకూడదనే గదా గుళ్లో గూడా పక్కన నిలబడి మొక్కేది. నువ్వు మొగానికి మొగం పెట్టి సూడమంటావే" అంది పక్కింటి పాపక్క. కోరి కొరివితో తల గోక్కోవడం ఎవరికిష్టం?

వీధివాళ్లు రాకపోయినా బావకు బాధ లేదు. ఆయనకు కావలసింది అక్క చూడడం. మా అక్క ఆదెమ్మది వృషభరాశి. తొంభై ఎనిమిదిలో ఏల్నాటి శని పట్టిందని పంచాంగం చూసి అయ్యవారు చెప్పాడు. ఆ తర్వాతే వేయించిన రెండు బోర్లూ ఎండాయి, శెనక్కాయ పైరు మాడిపోయింది. తన జాతకమే ఈ ఇంటిని ముంచిందని అక్క మనసులో నాటుకుపోయింది. అప్పటినుంచి ప్రతి శనివారం గ్లాసు మజ్జిగతో సరి. ముందటి నెలలో గుడి మెట్ల మీద కళ్లు తిరిగి పడింది కూడా. కంటితో చూస్తే ఆ భయం పోతుందని బావ ఆశ.

"ఒక్కతూరి సూడమని మీ అక్కకు సెప్పప్పా" అంటాడాయన.

"మీ బావకు పనిలేదని సెప్పు నాయనా" అంటుందావిడ. ఇద్దరి మధ్యా నేను పోస్టుమ్యాను.

ఒక శనివారం దీపాలు పెట్టాక అక్క ఆరేసిన బట్టలు తీసుకోవడానికి మిద్దెక్కింది. బావ చాప మీద పడుకుని ఉన్నాడు. నేను ఆయన్ని ఏడిపిస్తున్నాను. అక్క కాసేపు నిలబడి, బట్టలు నా చేతిలో పెట్టింది.

"ఆరేండ్లుగా ఆయప్ప నన్ను సూస్తానే ఉండాడు. ఒక్కతూరి నేను సూస్తే ఏమయితాదిలే."

బావ దబ్బున లేచి చోటిచ్చాడు. అక్క కొంగు దోపుకుని పడుకుంది.

"ఈడేమీ లేదే."

"జరిగిపోయింటాడు, ఉండు" అని బావ నిచ్చెనను వెంట్రుకవాసి జరిపాడు. అక్క మళ్లీ భూతద్దానికి కన్ను ఆనించింది.

"బియ్యపు గింజంత ఉండాడు. సుట్టూ ఉంగరం. పాపం, ఒంటిగా ఉండాడే." కన్ను తీయకుండానే, "అంత దూరం నుంచి ఈయప్పా మన బోర్లు ఎండబెట్టింది?" అంది.

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. లేచి కూర్చుని బావ ముఖంలోకి చూసింది.

"ఈయప్ప కాకపోతే, ఆ రొండు బోర్లకూ పాయింట్లు ఎవురు సూపిచ్చినారు?"

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నీళ్లు చూసే మునెప్ప అరచేతిలో టెంకాయ పట్టి తిరిగి గట్టు కింద బోరు వేయమన్నాడు. బోర్ల సంగతి నాకు తెలీదా అని బావ, పైపు ఖర్చు కలిసొస్తుందని, మోటారు షెడ్డు పక్కన బండలో వేయించాడు. రెండుసార్లూ. తర్వాత అందరూ శని మీద వేస్తుంటే ఊరకుండిపోయాడు. నేనూ ఊరకున్నాను.

"నేనే" అన్నాడు బావ, తలవంచుకుని. "తప్పు నాది ఆదెమ్మా. నీ జాతకానిది కాదు."

"ఆ మాట ఆరేండ్ల కిందట సెప్పింటే శనివారాలు నేనింత కూడు తినేదాన్ని గదా."

అక్క గొంతు పెంచలేదు. కిందికి పోయి, మా ఇద్దరి కోసం చేసిన సంగటిలో ముందు తనకు పెట్టుకుంది.