మంచిర్యాల నుంచి సూరత్‌కు, ఒక బైపాస్ వాల్వు కోసం

ఫోనులో విన్న ఒక బుస కోసం నేను సూరత్ పోయాను. మా అక్క మొగుడు రాజేశం బావ ఫోనును కారు ఇంజను దగ్గర పెట్టి, ఎక్సిలరేటర్ తొక్కి వినిపించాడు. తొక్కినంతసేపూ బుస్సుమంటోంది.

"ఏందిరా ఇది? బండి గుంజుతలేదు. పొగ నల్లగొస్తుంది" అన్నాడు.

"టర్బోల నాకు తెల్వంది లేదు బావా. ఒకసారి ఊడిపడ్డ లారీ టర్బోతోటి ఊరు ఊరంత వడ్లు తూర్పార పట్టించిన" అన్నాను.

"గదే వద్దన్న. అబద్ధాలు ఆడనే పెట్టి, పానాలు, స్క్రూడ్రైవర్లు పట్టుకొని రా."

కరోనా రెండో దెబ్బ తగ్గిన రోజులవి. సూరత్‌లోని లింబాయత్‌లో బావ నడిపే మగ్గాలను సేఠ్ అమ్మేసుకున్నాడు. ఇరవై ఏళ్లు మగ్గం తప్ప వేరే పని ఎరగని మనిషి పాత పెట్రోలు టర్బో కారొకటి కొని కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లోని ఇంకో సేఠ్ రోజూ కడోదరా మిల్లుకు పోయి రావడానికి ఆ కారును మాట్లాడుకున్నాడు. మొదటిరోజే కారు ఫ్లైఓవర్ ఎక్కలేక మూలిగింది. "సోమవారం ఇంకొక్కసారి చూస్తా. నచ్చకుంటే వేరే బండి పెట్టుకుంటా" అన్నాడట సేఠ్. ఆ కిరాయి పోతే బావకు కారూ లేదు, మగ్గమూ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాలలో బస్సెక్కి మంచిర్యాల చేరాను. సాయంత్రం రైలు. మీరూ పోయేటట్టుంటే ముందే చెబుతున్నాను: రిజర్వేషన్ లేనిదే స్టేషన్ లోపలికి రానివ్వలేదు, బండిలో దుప్పట్లు ఇవ్వలేదు, తినడానికి దొరికింది చాయ్, బిస్కెట్లే. అక్క కోసం తీసుకున్న సకినాల డబ్బాను వార్ధా రాకముందే సగం చేశాను. ఎదురు బెర్తులో కోరుట్ల మనిషి ఒకాయన, మళ్లీ మిల్లు పనికే పోతున్నాడు.

"సూరత్‌ల ఏం పని?" అని అడిగాడు.

"బుల్లెట్ రైలుకు టర్బో బిగించాలె. పిలిచిండ్రు."

ఆయన మాస్కు కిందికి దించి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "పట్టాలు ఏసిండ్రా మరి?" అని మళ్లీ మాస్కు పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం సూరత్‌లో దిగాను. బయటికొచ్చే దగ్గర వరుసలో నిలబెట్టి ముక్కులో పుల్ల పెట్టి చూశారు. అక్కడి నుంచి షేరింగ్ ఆటోలో లింబాయత్. అక్క జొన్నరొట్టె, పప్పు పెట్టి, సగమైన సకినాల డబ్బా చూసి "తొవ్వల ఎలుకలున్నట్టున్నయి" అంది. తిన్నాక బానెట్ ఎత్తాను.

నిజం చెప్పాలంటే నా చేతిలో పడినవన్నీ లారీ టర్బోలు. షోకు కోసం బయట కొని బిగించిన బైపాస్ వాల్వును చూడడం అదే మొదలు. అయినా సంగతి కష్టమైనదేం కాదు. టర్బో గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. ఎక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ముందు దారి మూసుకుపోతుంది. ఆ గాలి వెనక్కి తన్ని టర్బో రెక్కల మీద పడకుండా పక్కదారిన వదిలేదే ఈ వాల్వు. కాలు తీసినప్పుడే తెరుచుకోవాలి, తొక్కితే బిగుసుకుని మూసుకోవాలి. ఇది తొక్కినా బుసకొడుతోందంటే గాలంతా దారిలోనే పోతోంది.

ముందు పైపుల అతుకుల మీద సబ్బునీళ్లు రాసి ఇంజనును రేస్ చేయించాను. బుడగ రాలేదు. వాల్వు నెత్తిమీదికి వచ్చే సన్నని గొట్టాన్ని వంచి చూశాను, పగుళ్లు లేవు. ఇక వాల్వునే చూడాలి. ఆ సన్నని గొట్టంతో గాలి గుంజితే లోపలి పిస్టన్ లేవాలి, వదిలితే టక్కున కూర్చోవాలి. మామూలుగానైతే నోటితో గుంజి చూస్తాం.

"నోరు పెడితే ఇంట్లకు రానియ్య. ఎవరెవరి చేతులు తాకినయో" అంది అక్క, చేతిలో శానిటైజర్ సీసాతో.

సందు చివర మందుల దుకాణానికి పోయి పెద్ద సిరంజి అడిగాను. అక్కడి మనిషి హిందీలో "ఎవరికి వేయాలి?" అన్నాడు.

"కారుకు."

"కారుకు కూడా టీకా మొదలైందా?" అని నవ్వి, సూది తీసేసి సిరంజి ఒక్కటే ఇచ్చాడు. నేను కట్టబోయిన కథ ఆయనే కట్టేశాడు.

సిరంజిని గొట్టానికి తగిలించి గుంజాను. పిస్టన్ లేచింది. వదిలాను. టక్ వినపడలేదు. వాల్వును కారు మీంచి ఊడదీసి మూత విప్పితే లోపలంతా నూనె కారుతోంది. ఆ వాసన జగిత్యాల, సూరత్ అని లేకుండా ఏ నేతపని మనిషైనా గుర్తుపడతాడు. మగ్గం నూనె.

"బావా, దీంట్ల నూనె ఎవరు పోసిండ్రు?"

"నేనే. సెలవునాడు మిషన్‌కు నూనె పొయ్యకుంటే ఎట్ల? మూత ఇప్పి పోసి, లోపట మంచిగ తుడిచిన గూడ."

"దేంతోటి తుడిచినవ్?"

"వేస్టుతోటి."

వేస్టు అంటే మగ్గం కింద రాలిన దారపు ఉండ. ఏ నేత కార్ఖానాలోనైనా చేతులు తుడిచినా, మిషన్ తుడిచినా దానితోనే. సూరత్ దారం పత్తి కాదు, పాలిస్టర్. లాగితే తెగదు, నూనెలో నానినా చీకిపోదు. అందులోంచి ఒక సన్నని పోగు పిస్టన్ అంచుకు చుట్టుకుని, అది కూర్చునేచోట ఇరుక్కుంది. దాని మీద నూనె, నూనె మీద దుమ్ము కలిసి ముద్దయ్యాయి. వెలుతురుకు పట్టి చూపించాను. బావ ఆ పోగును రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది నేను నేసిన చీరల పోగే" అన్నాడు.

"గిన్నేండ్లు నీకు తిండి పెట్టింది, ఇప్పుడు తిండి గుంజుకోవట్టింది" అంది అక్క.

పోగును తీశాను. నూలు రాలని మెత్తటి గుడ్డతో లోపలంతా శుభ్రంగా తుడిచాను. రబ్బరు రింగు బాగానే ఉంది. సిలికాన్ గ్రీజు పెసరగింజంత వేలికొసన తీసుకుని పలచగా రాశాను. ఇంతకంటే ఎక్కువైతే మళ్లీ దుమ్ము పడుతుంది. బిగించి సిరంజితో గుంజి వదిలితే టక్కుమంది.

ఇంకొకటి మిగిలింది. కారును మొదట వాడిన కుర్రాడు చప్పుడు కోసం వాల్వు గాలిని బయటికి వదిలేశాడు. ఇంజనేమో ఆ గాలి లోపలికే వస్తోందనుకుని దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. నల్లపొగకు అదీ ఒక కారణం. ఒక రబ్బరు గొట్టం, రెండు క్లాంపులు కొనుక్కొచ్చి ఆ గాలిని తిరిగి టర్బో ముందుకు కలిపాను. ఫుస్సుమనే షోకు పోయింది.

ఆదివారం ముగ్గురం డుమస్ దాకా నడిపి చూశాం. సముద్రం ఒడ్డున టమాటా బజ్జీలు తప్పక తినండి, కాని వేడివి నోట్లో పెట్టుకుని నాలాగా మాట్లాడొద్దు. వచ్చేటప్పుడు ఫ్లైఓవర్ మీద బావ తొక్కాడు. కారు చప్పుడు లేకుండా ఎక్కింది. అయినా ఆయన ముఖం వికసించలేదు. "రేపు సేఠ్ కూసున్నంక చూడాలె" అన్నాడు.

సోమవారం పొద్దున నన్ను స్టేషన్‌లో దింపి బావ రింగ్ రోడ్‌కు పోయాడు. నాది భుసావల్ దాకా ఒక బండి, అక్కడ మారి ఇంకొకటి. బండి కదిలినప్పటి నుంచి ఫోను చేతిలోనే ఉంది. పక్కనున్న ముసలమ్మ చూసి చూసి అడిగింది.

"ఎవరికన్న బాగలేదా బిడ్డా?"

"బండికి బాగలేకుండె అమ్మా."

"మనుషులు మంచిగుంటే సాలు" అంది. ఆ ఏడాది అందరి నోటా అదే మాట.

నందుర్బార్‌లో ఫోను మోగింది.

"సేఠ్ ఏమన్నడు బావా?"

"ఏమనలే."

"ఏమనకుంటే ఎట్ల?"

"ఫ్లైఓవర్ ఎక్కకముందే నిద్రపోయిండురా! కడోదరాల నేనే లేపిన. దిగి, రేపటిసంది రోజు గిదే టైముకు రా అన్నడు."

ఆ దారిలో జల్‌గావ్ అరటితోటలు చూడదగ్గవని అందరూ చెబుతారు. నేను చూడలేదు. భుసావల్ దాకా ఒళ్లెరగకుండా నిద్రపోయాను.